కత్తి మ్రింగువాడు, వైద్యుడు

మా పెదతండ్రిగారికి మలము తారువలె నల్లబడి జిగటగా నుండగా, వేడి చేసినదని మజ్జిగ త్రాగించితిమి. మూడవనాడు కండ్లు తిరిగి పడిపోయిరి. ఇనుపమాత్రలు మ్రింగినను మలము నల్లబడును. ఆయన యవి మ్రింగలేదు. అది జీర్ణకోశమున కారి, ఆమ్లము తగిలి నల్లబడిన నెత్తురు. ఎచ్చటినుండి కారుచున్నదో చూచుటెట్లు?

1868లో జర్మనీదేశపు కుస్‌మౌల్ అను వైద్యుడు కత్తులు మ్రింగు గారడీవానిచే తిన్నని గొట్టమును మ్రింగించెను. (మన జాతరలలోని కత్తిమ్రింగువాండ్రకు చప్పట్లే గాని యిట్టి గౌరవము దక్కలేదు!) గొట్టము దిగెను, లోన వెలుతురు చాలలేదు. 1957లో అమెరికాయందు హిర్షోవిట్జ్ వంగెడి గాజుపోగుల గొట్టమును ముందుగా తానే మ్రింగెను. ఇప్పటి గొట్టము కొనయందు చిన్న కెమెరా యుండును.

పంజాగుట్టలో, ఎముకల ఆసుపత్రిగా పుట్టిన నిమ్స్‌నందు, పెదతండ్రిగారిని ఎడమప్రక్కకు పరుండబెట్టి గొట్టము దింపిరి. పుండు కనుపించెను. ఆ గొట్టముగుండనే నెత్తురును నిలిపిరి.