చంద్రమండల యాత్రలు: ఒక మిత్రుని సందేహము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమై యొక వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. దేవాలయ శాసనములను గూర్చి వ్రాయ సంకల్పించితిని. ఇంతలో నా బాల్యమిత్రుడొకడు పఠనమందిరపు అరుగుపై కూర్చుండి, "మనుష్యులు చంద్రునిపై దిగిరనుట కల్ల. అది స్టూడియోలో తీసిన బొమ్మ. కాగితముపై వ్రాసినదెల్ల నిజమగునటోయీ?" అని నలుగురి యెదుట నన్నడిగెను. నవ్వి యూరకుండుట నాకు తగదనిపించెను. ఏలయన, దస్త్రములో ఎవరో వ్రాసిన తప్పువలన రెండెకరముల మెట్ట పోగొట్టుకొన్నవాడతడు. కాగితమును శంకించుటకు అతనికి హక్కు కలదు. నేనో, జీవితమంతయు కాగితములు వ్రాసినవాడను.

లెక్కలవాడు పద్దును పరీక్షించునది వ్రాసినవాని మాటను బట్టి కాదు. ఎదుటివాని చిట్టాలో ఆ పద్దు కలదా, పొలములో హద్దురాయి కలదా యని చూచును. ఇదియు నట్లే చూడవలసినది.

1969 జులై 20వ తేదీన అపోలో 11 యాత్రలో ఆర్మ్‌స్ట్రాంగు, ఆల్డ్రిను అనువారలు చంద్రునిపై ప్రశాంతసాగరమను మైదానమున దిగిరి. కాలిన్సు అనునాతడు పైన కక్ష్యలో తిరుగుచుండెను. 1972 డిసెంబరు వరకు ఆరు పర్యాయములుగా పండ్రెండుగురు దిగిరి.

ఆనాడు అమెరికాకు ప్రత్యర్థి సోవియట్ రష్యా. ఆ దినములలోనే రష్యావారి లూనా 15 అను యంత్రనౌకయు చంద్రుని చుట్టుచుండి, జులై 21న చంద్రతలముపై కూలెను. ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంకు వేధశాలవారు రెండు నౌకల రేడియో సంకేతములను వినుచుండిరి. భారతమున శకుంతలకు సభలో సాక్షి లేకపోగా ఆకాశవాణి పలికినది. ఇచ్చట ఆకాశమునుండి వచ్చిన పలుకును మూడవవారు చెవియొగ్గి వినిరి. చిన్న కల్ల దొరికినను లోకమెల్ల చాటగల రష్యావారు అట్లు చాటలేదు. సరిగదా, 1971లో ఇరుపక్షములును తాము తెచ్చిన చంద్రమృత్తికను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొనిరి.

ఇక హద్దురాళ్లు. అపోలో యాత్రికులు తెచ్చిన రాళ్లును మన్నును కలిపి 382 కిలోలు. రష్యావారు 1970, 1972, 1976లలో మనుష్యులు లేని యంత్రములతో తెచ్చినది మొత్తము మూడువందల గ్రాములకు కొంచెము పైన. ఈ తారతమ్యమే నాకు పెద్ద సాక్ష్యముగా తోచుచున్నది. బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థలో దేవేంద్ర లాల్ గారి బృందము అపోలో శిలలలో విశ్వకిరణములు గీచిన సూక్ష్మరేఖలను పరిశీలించెను. గాలిపొర కాపు లేనిచోట లక్షల, కోట్ల యేండ్లు పడియున్న రాతికి పడు చారలవి. ఏ స్టూడియోలోను వానిని గీయలేరు.

అపోలోవారు అచట నుంచిన అద్దములపై నేటికిని లేసరు కాంతిని ప్రసరింపజేసి చంద్రుని దూరము కొలుచుచున్నారు. కాని ఇట్టి అద్దములను రష్యావారు యంత్రములతోనే పంపిరి. కావున ఈ సాక్ష్యమును అర్ధబలముగనే గ్రహింతును.

జెండా కదలినదందువా? దాని పైయంచున అడ్డకఱ్ఱ కలదు. నాటునపుడు చేయి కదిపిన కదలిక అది. నక్షత్రములు లేవందువా? ఎండలో మెరయు నేలకు సరిపడ కెమెరాను అమర్చినచో మసక చుక్కలు పడవు.

మిత్రుని పక్షమున ఒక మాట ఒప్పుకొనవలెను. అపోలో 11 మూల టేపులు చెరిపివేయబడి మరల వాడబడి యుండునని అమెరికావారే 2009లో తెలిపిరి. నా చేతిక్రింది గుమాస్తా యట్లు చేసినచో క్షమింపను. అయినను నాడు ప్రసారమైన దృశ్యముల ప్రతులు ఇతరులయొద్ద నిలిచినవి.

చివరకు పొలము చూచుట. 2009లో పోయిన అమెరికా ఉపగ్రహము దిగిన చోటులను, నడచిన బాటలను చిత్రించినది. అది వారి మనిషే యందువేమో! 2019 జులై 22న మన శ్రీహరికోటనుండి వెడలిన చంద్రయాన్ 2 కూడ ప్రశాంతసాగరమున అపోలో 11 విడిచివచ్చిన వాహనపు అడుగుభాగమును చిత్రించినది.

ఇదంతయు విని మిత్రుడు కొంతసేపు మౌనము వహించి, "దిగిరనియే ఒప్పుకొందును. చంద్రునిపై అడుగుజాడకు ఇందరు సాక్షులు దొరికిరి గదా, మా తండ్రి దున్నిన చేనికి ఒక్కడును దొరకడేమి?" అనెను. నాయొద్ద సమాధానము లేకపోయెను. పాత అడంగలు నకళ్లు వెదకుటకై మరునాడు ఇరువురము కలిసి పోయితిమి.