మార్క్స్ వదిలివెళ్లిన ప్రశ్న: మాక్స్ రాఫెల్ జీవితం, కృషి

రచనలోని వస్తువు అభ్యుదయకరమైనదైతే విమర్శకుడి పని సగం పూర్తయినట్టేనని భావించేవారు మనలో యింకా వున్నారు. రచయిత ఏ వర్గం పక్షాన నిలిచాడో తేల్చి, శిల్పం గురించి చివర రెండు వాక్యాలు చేర్చడం మన సమీక్షలకు ఆనవాయితీ అయింది. ఈ అలవాటును మార్క్సిజం పేరుతో సమర్థించుకోవడం సాధ్యం కాదని, ఒక జీవితకాలం శ్రమించి నిరూపించినవాడు జర్మన్ కళాచరిత్రకారుడు మాక్స్ రాఫెల్.

రాఫెల్ 1889లో ఆనాటి ప్రష్యాలోని షోన్లాంకె అనే చిన్న పట్టణంలో యూదు కుటుంబంలో పుట్టాడు. ఆ వూరు యిప్పుడు పోలెండులో వుంది. బెర్లిన్, మ్యూనిక్ లలో తత్వశాస్త్రం, అర్థశాస్త్రం, కళాచరిత్ర చదివాడు. ఆధునిక చిత్రకళపై ఆయన రాసిన సిద్ధాంత వ్యాసాన్ని, ఆ రోజుల్లో కళాచరిత్రకు పెద్దదిక్కుగా వున్న హైన్రిష్ వోల్ఫ్లిన్ తిరస్కరించాడు. 'మోనే నుంచి పికాసో దాకా' అనే పేరుతో అదే 1913లో పుస్తకంగా వచ్చింది. పండిత లోకంతో ఆయనకు తెగిన సంబంధం మళ్లీ అతకలేదు. విశ్వవిద్యాలయ పీఠం ఎన్నడూ దక్కలేదు.

దక్కింది బెర్లిన్ లోని వయోజన విద్యాలయం. 1920ల మధ్యకాలం నుంచి 1932 దాకా అక్కడ పాఠాలు చెప్పాడు. ఉన్నత విద్య అందని శ్రామికుల ముందు రెంబ్రాంట్ చిత్రాన్నో, గ్రీకు దేవాలయాన్నో పెట్టి, దాన్ని చూడటం నేర్పడమే ఆయన వృత్తి అయింది. పామరులకు తేలిక విషయాలు చాలునన్న పెద్దమనిషి తరహా ఆయనది కాదు. శ్రామికుడికి గొప్ప కళను తగ్గించి చెప్పడం అతణ్ణి అవమానించడమేనని ఆయన పద్ధతి చాటుతుంది. గతితార్కిక భౌతికవాదంపై ఆయన తలపెట్టిన పాఠాన్ని ఆ సంస్థ అంగీకరించకపోవడంతో బయటికి వచ్చాడు. 1932లో పారిస్ చేరాడు. మరుసటి యేడు జర్మనీ హిట్లర్ చేతిలో పడింది.

పారిస్ లో 1933లో వెలువడిన 'ప్రూధోఁ, మార్క్స్, పికాసో' ఆయన గ్రంథాలలో మనకు అత్యంత సన్నిహితమైనది. 1857లో రాసుకున్న ఒక ఉపోద్ఘాతంలో మార్క్స్ ఒక చిక్కు ప్రశ్న లేవనెత్తాడు. గ్రీకు కళ ఆనాటి సమాజ స్థితిలోనే పుట్టగలదని అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఆ సమాజం నశించిన తర్వాత కూడా అది మనకెందుకు ఆనందం యిస్తున్నదన్నదే కష్టం. మానవజాతి బాల్యం మళ్లీ రాదు గనుక అది మనల్ని ఆకర్షిస్తుందని మార్క్స్ సమాధానం. ఈ సమాధానం మార్క్స్ పద్ధతికే సరిపోదని రాఫెల్ నిర్మొహమాటంగా అన్నాడు. గురువు మాటను వల్లించడం కాక, గురువు పద్ధతితోనే గురువును పరీక్షించాడు. ఆర్థిక పునాది నుంచి కళ సూటిగా ఊడిపడదు. గ్రీకుల విషయంలో పురాణగాథ మధ్యవర్తి అయినట్టే, ప్రతి యుగంలోనూ ఏవో మధ్యవర్తి శక్తులు వుంటాయి. వాటిని వెదకడమే విమర్శకుడి పని.

అదే గ్రంథంలో పికాసోను బూర్జువా సమాజపు వైరుధ్యాలకు ప్రతీకగా విశ్లేషించాడు. 1937లో గెర్నికా పట్టణంపై ఫాసిస్టు విమానాలు బాంబులు కురిపించినప్పుడు పికాసో వేసిన మహాచిత్రాన్ని లోకమంతా కీర్తించింది. రాఫెల్ ఫాసిజానికి బద్ధశత్రువు. అయినా ఆ చిత్రంలో రూపానికీ వస్తువుకూ పొంతన కుదరలేదనీ, చిత్రకారుడి సొంత ప్రతీకలు చూపరిని దిగ్భ్రాంతిలో వదిలేస్తున్నాయనీ రాశాడు. ఆ తీర్పుతో మనం ఏకీభవించనక్కరలేదు. కాని మన పక్షం వాడి రచన గనుక మినహాయించుదామనే ధోరణి ఆయనకు లేదు. ఆ నిజాయితీ మనకు ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు ఆయనను గూర్స్, లే మీల్ శిబిరాలలో నిర్బంధించింది. 1941లో న్యూయార్క్ చేరాడు. అక్కడ, 1945లో, పూర్వయుగపు గుహాచిత్రాలపై గ్రంథం ప్రచురించాడు. గుహ గోడలపై జంతువులు విడివిడి బొమ్మలు కావనీ, ఒక కూర్పులో భాగాలనీ, ఆ కళ చరిత్రను నిర్మించిన మనుషుల కళ అనీ వాదించాడు. ఆల్తమీరా పైకప్పు మీద దున్నలకూ లేడికీ మధ్య తెగల పోరును చదవడం ఊహాపోహే. దానికి తగిన ఆధారం లేదు. అయితే కూర్పును చూడాలన్న మౌలిక సూచనను తర్వాతి ఫ్రెంచి పరిశోధకులు అందుకున్నారు.

1952లో న్యూయార్క్ లో రాఫెల్ తన ప్రాణం తానే తీసుకున్నాడు. రాతప్రతులు కుప్పలుగా మిగిలాయి. 'కళ కోరేది' అనే అర్థం వచ్చే పేరుతో ఆయన వ్యాసాలు 1968లో ఇంగ్లీషులో వచ్చాయి. అంతకు ముందే, 1965లో, జాన్ బెర్జర్ పికాసోపై తన గ్రంథాన్ని అంకితమిస్తూ ఆయనను స్మరించాడు.

రాఫెల్ దృష్టిలో కళాకృతి ముగిసిపోయిన వస్తువు కాదు. కళాకారుడు, ప్రపంచం, రంగు రాయి వంటి సాధనాలు – ఈ మూడింటి పెనుగులాటలో అది పుడుతుంది. చూపరి ఆ పెనుగులాటను తిరిగి విప్పుకున్నప్పుడు కళాకారుడి సృజనశక్తి చూపరిదౌతుంది. గ్రీకు కళ యిప్పటికీ ఆనందం యివ్వడానికి యిక్కడ ఒక దారి కనిపిస్తున్నది. ఆ దారిలో నడవాలంటే రచన ముందు ఓపికగా కూర్చోవాలి. ఒక్కొక్క వాక్యం ఎందుకు అలాగే వుండవలసి వచ్చిందో అడగాలి. వర్గ దృక్పథం ఆ శ్రమ నుంచి మనకు మినహాయింపు యివ్వదు. నిజానికి ఆ శ్రమను మన మీద బాధ్యతగా మోపేది ఆ దృక్పథమే.