నెస్టెడ్ వర్చువలైజేషన్‌లో లేని ప్రాసెసర్ ఫీచర్లు: దాచాల్సింది ఎవరి నుంచి?

షాద్‌నగర్ పక్కనున్న మేకగూడ 2016 అక్టోబరులో జిల్లాలను విడగొట్టేదాకా మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరు మండలంలో ఉండేది. ఇప్పుడది రంగారెడ్డి జిల్లా నందిగామ మండలం. హైదరాబాద్‌లో క్లౌడ్ రీజియన్ పెడతామని మైక్రోసాఫ్ట్ 2022 మార్చిలో ప్రకటించాక డేటా సెంటర్లతో పేరు వినిపించిన ఊళ్లలో ఇదొకటి. అక్కడి భూముల ధరల మీద మనం చాలా మాట్లాడుకున్నాం. అలాంటి గోడల లోపల నడిచే సాఫ్ట్‌వేర్ గురించి తెలుగులో రాసింది తక్కువ. ఈ వ్యాసం అందులోని ఒక్క చిక్కుముడికే పరిమితం.

మైక్రోసాఫ్ట్ అజూర్ క్లౌడ్‌లో అట్టడుగున ఉండి వర్చువల్ మెషీన్లను నడిపే హైపర్‌వైజర్ హైపర్-వీ. దాన్ని ఎల్-0 అంటారు. మనం అద్దెకు తీసుకునే వర్చువల్ మెషీన్ ఎల్-1. అందులో మళ్లీ లినక్స్ హైపర్‌వైజర్ కేవీఎం పెట్టి ఇంకో మెషీన్ నడిపితే అది ఎల్-2. అజూర్ కొన్ని రకాల మెషీన్లలో ఈ నెస్టెడ్ వర్చువలైజేషన్ వసతిని 2017 నుంచి ఇస్తోంది. ఇందుకోసం క్లౌడ్ దాకా పోనక్కర్లేదు. నల్లగొండలోనో పాలమూరులోనో ఒక విద్యార్థి విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్-2 తెరిచి, అందులో కేవీఎం నడిపినా ఇవే మూడంతస్తులు.

ఇంటెల్ ప్రాసెసర్‌లో ఏ వర్చువలైజేషన్ వసతి ఉందో చెప్పడానికి ప్రత్యేక రిజిస్టర్లున్నాయి. 64 బిట్ల ఈ రిజిస్టర్లలో కింది సగం తప్పనిసరిగా ఆన్‌లో ఉండాల్సిన కంట్రోళ్లను, పై సగం ఆన్ చేయడానికి వీలున్నవాటిని చెబుతుంది. ఎల్-1 వీటిని చదవబోతే ఎల్-0 మధ్యలో పట్టుకుని తన జవాబు ఇస్తుంది. ఆ జవాబును మీరి ఎల్-1 ఏదైనా కంట్రోల్ ఆన్ చేస్తే, ఎల్-2లోకి ప్రవేశమే దొరకదు. 7వ నంబరు ఎర్రర్ తిరిగొస్తుంది. ఇది మంచి వైఫల్యం. ఎక్కడ తప్పిందో అక్కడే తెలుస్తుంది. చెడ్డ వైఫల్యం మరొకటుంది: పహాణీలో ఉన్న బోరు చెలకలో లేనట్టు, ఎల్-0 ‘ఉంది’ అని చెప్పిన వసతి వాడబోయేసరికి వెనక ఏమీ ఉండదు.

కేవీఎంలో సరిగ్గా ఇదే జరిగింది. ఇక్కడ అంతస్తులు తారుమారు: కింద కేవీఎం, పైన హైపర్-వీ. ఎల్-1 తన కంట్రోళ్లను రాసి ఉంచుకునే వీఎంసీఎస్‌ను ముట్టుకున్నప్పుడల్లా ఎల్-0లోకి దిగాల్సి రావడం ఖర్చు. అది తగ్గించడానికి మైక్రోసాఫ్ట్ మామూలు మెమరీలోనే చదివి రాసుకునే ‘ఎన్‌లైటెన్డ్ వీఎంసీఎస్’ను నిర్వచించింది. అయితే దాని మొదటి వెర్షన్‌లో కొన్ని కంట్రోళ్లకు గడులే లేవు. గడి లేని కంట్రోల్‌ను ఎల్-1 ఆన్ చేస్తే కేవీఎం దాని విలువ ఎక్కడ నుంచి తేవాలి?

మొదట కేవీఎం ఎన్‌లైటెన్డ్ వీఎంసీఎస్‌ను ఆన్ చేసిన క్షణంలోనే పనికిరాని కంట్రోళ్లన్నిటినీ తన పట్టికలోంచి కొట్టేసేది. కేవీఎంతో కలిసి మెషీన్లను నడిపే ప్రోగ్రాం క్యూఈఎంయూ 4.2 వెర్షన్ వచ్చాక అది బెడిసికొట్టింది. సీపీయూ మోడల్ ప్రకారం రిజిస్టర్ల విలువలు తానే రాయబోయిన క్యూఈఎంయూను, అవి అనుమతించిన దానికన్నా ఎక్కువున్నాయని కేవీఎం తిరస్కరించింది. 2020లో రెడ్ హ్యాట్ ఇంజనీరు విటాలీ కుజ్నెత్సోవ్ వడపోతను గెస్ట్ (ఇక్కడ ఎల్-1) రిజిస్టర్ చదివే చోటికి మార్చారు. క్యూఈఎంయూ కోరింది రాసుకోవచ్చు. గెస్ట్‌కు మాత్రం కనపడదు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అసలైన ఆలోచన ఇదే. అయితే అప్పుడు దాచింది ఇబ్బంది పెడుతున్నట్టు తెలిసిన రెండు మూడు కంట్రోళ్లనే.

2021లో కేవీఎం మీద విండోస్ సర్వర్ 2022 హైపర్-వీతో బూట్ కాకుండా మొండికేసింది. వీఎం-ఫంక్షన్, షాడో వీఎంసీఎస్ అనే రెండు కంట్రోళ్లు కనపడటమే కారణం. ఈ కొత్త విండోస్ రిజిస్టర్లను ముందే సరిచూసుకుని, నచ్చకపోతే ఎల్-2ను మొదలుపెట్టే ప్రయత్నమే చేయలేదు. దాంతో ప్రవేశం దగ్గర కాపుకాసిన కేవీఎం తనిఖీకి చిక్కడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు గడులు లేని కంట్రోళ్ల జాబితా మొత్తాన్నీ దాచారు.

అదీ సరిపోలేదు. కేవీఎంలోకి కొత్త ఫీచర్ వచ్చినప్పుడల్లా ఆ జాబితాను గుర్తుపెట్టుకుని పెంచాలి. ఎవరో ఒకరు మరిచిపోతారు. 2022 చివర్లో జాబితానే తిరగేశారు: ‘లేనివి’ రాయడం మాని ‘ఉన్నవి’ రాశారు. ఇప్పుడు మరిచిపోతే కొత్త వసతి గెస్ట్‌కు అందదు, అంతే. మెషీన్ కూలదు.

ఈ పద్ధతికి ఖర్చు లేదనను. ఉన్న వసతి కూడా కొంతకాలం వాడకుండా పడి ఉంటుంది. పాత గెస్ట్‌ను కొత్త హోస్ట్ మీదికి తరలించేటప్పుడు విలువలు సరిపోలాలి. అయినా చెప్పిన వసతి లేకపోవడం కన్నా, ఉన్న వసతిని చెప్పకపోవడమే నయం.

మన కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ బోధించేవారికి ఒక మనవి. లినక్స్ 5.6 నుంచి సీపీయూ సమాచారంలో ‘వీఎంఎక్స్ ఫ్లాగ్స్’ అని విడిగా ఒక వరుస వస్తోంది. అదే ప్రాసెసర్ మీద ఒకసారి నేరుగా లినక్స్‌లో, ఒకసారి గెస్ట్‌లో ఆ వరుస తీయించి, ఏవి మాయమయ్యాయో, వాటిని ఏ అంతస్తు దాచిందో పిల్లల చేత రాయించండి. ల్యాబ్‌లో కొత్తగా కొనాల్సిందేమీ లేదు.