పగోడా: సముద్రం నుండి చూచిన దేవాలయం

చీరాలకు ఆగ్నేయంగా, బంగాళాఖాతపు అంచున ఉన్న గ్రామం వాడరేవు. ప్రాచీనాంధ్రంలో 'వాడ' అనగా ఓడ. ఓడ నడిపి జీవించిన వారికి వాడబలిజలనే పేరు కూడ ఆ శబ్దం నుండే ఏర్పడింది. వాడలు నిలిచే రేవు కనుక వాడరేవు. ఓడరేవనీ దానికి వాడుక ఉంది. వెనుక పత్తి, మిరప పండే నల్లరేగడి భూములు, ముందు అపారజలరాశి గల ఇటువంటి రేవుల గుండా శతాబ్దాల పాటు వస్త్రాలు, రత్నాలు, సుగంధద్రవ్యాలు దేశాంతరాలకు పోయాయి. వాటితో పాటు మాటలూ పోయాయి. నావికుల నోటబడి, అనేక భాషలు తిరిగి, చివరకు మూలార్థాన్ని పోగొట్టుకొన్న అటువంటి మాటల్లో ముఖ్యమైనది 'పగోడా'.

నేడు ఈ మాట వినగానే అంతస్తు మీద అంతస్తుగా లేచి, పైకి పోయేకొద్దీ సన్నగిల్లే బౌద్ధాలయం మనసులో మెదలుతుంది. బర్మా, చైనా, జపాను దేశాల చిత్రాలు గుర్తుకు వస్తాయి. కాని 16వ శతాబ్ది నుండి 19వ శతాబ్ది వరకు మన తీరాన్ని గూర్చి ఐరోపావారు వ్రాసిన వ్రాతలలో ఈ పదానికి మూడర్థాలున్నాయి. మొదటిది దేవాలయం. రెండవది ఆ ఆలయంలోని దేవతామూర్తి. మూడవది బంగారు నాణెం. గుడికి, గుడిలోని దేవునికి, కొనుగోలుదారుని చేతిలోని సొమ్ముకు ఒకే పేరు ఎట్లా కలిగింది? ఈ ప్రశ్న భాషాచరిత్రకు చెందినదే అయినా, దాని సమాధానం భగవచ్ఛబ్దార్థాన్ని విచారించే సాధకునికి కూడ ఉపకరిస్తుంది.

వ్యుత్పత్తి విచారం

ఆంగ్లేయులు ఈ మాటను పోర్చుగీసుల వద్ద గ్రహించారు. పోర్చుగీసు భాషలో 'పగోడ్' అనే రూపం 16వ శతాబ్ది ఆరంభకాలం నుండి కనిపిస్తుంది. ఆ శతాబ్ది ముగియకముందే అది ఆంగ్లంలో ప్రవేశించింది. మరి పోర్చుగీసులకు అది ఎక్కడిది? ఈ విషయంలో పండితులు ముఖ్యంగా మూడు పక్షాలను చెప్పారు.

మొదటిది పారసీక పక్షం. పారసీకంలో 'బుత్' అనగా విగ్రహం, 'కదా' అనగా గృహం. కనుక 'బుత్‌కదా' అనగా విగ్రహగృహం. 'బుత్' అనే మాట బుద్ధశబ్దం నుండే పుట్టిందని భాషావేత్తల అభిప్రాయం. అర్థం చక్కగా కుదిరినా, బుత్‌కదా పగోడ్‌గా మారటానికి ధ్వనులు అంత సులభంగా సహకరించవు.

రెండవది సింహళ పక్షం. బౌద్ధులు పవిత్రాస్థికలను ధాతువులంటారు. వాటిని తన గర్భంలో ధరించే కట్టడం ధాతుగర్భం. ఆ సంస్కృతపదమే సింహళంలో 'దాగబ' అయింది. నావికుల నోట దాని అక్షరాలు తారుమారై పగోడా ఏర్పడిందని కొందరి ఊహ. ధాతుగర్భమంటే ఏమిటో తెలుసుకోవడానికి సింహళం దాకా పోనక్కరలేదు. కృష్ణానది దిగువన ఉన్న భట్టిప్రోలు మహాస్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే త్రవ్వకాలు జరిపినప్పుడు శిలామంజూషలు, వాటిలో స్ఫటికపు భరిణె బయల్పడ్డాయి. ఆ మంజూషల మీది లేఖనాలు దక్షిణాపథంలో లభించిన అతి ప్రాచీన బ్రాహ్మీ లేఖనాలలో లెక్కకు వస్తాయి.

మూడవది భగవచ్ఛబ్ద పక్షం. ఎక్కువమంది పండితులు మొగ్గినది దీనివైపే. పోర్చుగీసులు 1498లో మొదట అడుగుపెట్టినది కేరళతీరంలో. అక్కడ అడుగడుగునా భగవతీక్షేత్రాలు. వాస్కోడగామా అనుచరులు ఒక ఆలయాన్ని చూచి క్రైస్తవదేవాలయమని భ్రమించిన సంగతి వారి యాత్రాకథనంలోనే ఉంది. తమిళలిపిలో మహాప్రాణాలకు గాని, పదాదిన సరళాలకు గాని ప్రత్యేకాక్షరాలు లేవు. అందుచేత 'భగవతి' అక్కడ 'పగవతి'గా లిఖింపబడి, పలుకుబడిలో 'పగవది'కి సమీపిస్తుంది. ఆ ఉచ్చారణ విదేశీయుల చెవికి 'పగోడ్' అనిపించటంలో వింత లేదు. మొదట దేవతకు, తరువాత దేవత నివసించే గుడికి, పిదప దేవతారూపం ముద్రింపబడిన నాణేనికి ఆ పేరు విస్తరించిందనుకుంటే మూడర్థాలూ ఒక క్రమంలో ఇముడుతాయి. ఇది నిశ్చితసిద్ధాంతం కాకపోయినా ఉన్నవాటిలో బలవత్తరమైన పక్షం.

మూడు పక్షాలలో దేనిని స్వీకరించినా ఒక సత్యం మారదు. బుద్ధుడు గాని, పవిత్రధాతువు గాని, భగవతి గాని ఈ పదానికి మూలం. అంటే శబ్దం పుట్టినది లోపలనున్న వస్తువును బట్టి. పైకి కనిపించే ఎత్తును బట్టి కాదు. కృష్ణాతీరానికి ఈ సంగతి కొత్తది కాదు. అమరావతి శాసనాలలో బుద్ధుడు 'భగవత్' శబ్దంతోనే నిర్దేశింపబడ్డాడు. అక్కడి స్తూపం ఆయన మహాచైత్యం. వైష్ణవులకు విష్ణుభక్తుడు భాగవతుడు. ఒకే శబ్దాన్ని భిన్నమార్గాలవారు తమ ఆరాధ్యునికి అర్పించిన నేల ఇది.

దూరదృష్టిలోని లోపం

కొండలు లేని చదునైన ఇసుకతీరంలో నావికునికి ఆలయశిఖరమే ఆనవాలు. అందుచేత ఐరోపా నావికులు గుళ్లను దిక్కు తెలిపే గురుతులుగా వాడుకొన్నారు. కోణార్కలోని సూర్యదేవాలయం వారికి నల్ల పగోడా. పూరీ జగన్నాథాలయం తెల్ల పగోడా. మహాబలిపురం ఏడు పగోడాలు. నాగపట్నంలో 1867లో కూల్చబడిన బౌద్ధవిహారపు అవశేషం చైనా పగోడా. సూర్యుడు, జగన్నాథుడు, పల్లవుల శిలాలయాలు, బౌద్ధభిక్షువుల విహారం అన్నీ ఒకే పేరులో కలిసిపోయాయి. ఓడ మీద ఉన్నవానికి కావలసినది అది ఎంత దూరంలో ఉన్నదన్న లెక్క మాత్రమే. అందులో ఎవరున్నారన్న ప్రశ్న కాదు.

మన శాస్త్రకారులకు ఆ ప్రశ్నే ప్రధానం. కనుకనే వారు ప్రతి నిర్మాణానికి వేరు పేరు పెట్టారు. గర్భగృహం మీద లేచేది విమానం. దానికి అధిష్ఠానం, పాదం, ప్రస్తరం, గ్రీవం, శిఖరం, స్తూపి అని ఆరంగాలు. పాదం నుండి తల వరకు దానిని ఒక దేహంగా భావించారనటానికి ఈ పేర్లే సాక్ష్యం. ప్రాకారద్వారం మీద లేచేది గోపురం. అమరకోశం పురద్వారాన్నే గోపురమంది. ఎత్తున గాలికి ఎదురొడ్డి నిలిచే ఆ కట్టడాన్ని తెలుగువారు గాలిగోపురమన్నారు. విమానం దేవుని మీద ఉంటుంది, గోపురం దారి మీద ఉంటుంది. ఒకటి గమ్యాన్ని చెబుతుంది, రెండవది ప్రవేశాన్ని చెబుతుంది. విమానపు కొనకు స్తూపి అని, బౌద్ధుల ధాతునిలయానికి స్తూపమని సజాతీయనామాలుండటం కూడ గమనింపదగినది. ఈ భేదాలను, ఈ బాంధవ్యాలను పగోడా అనే ఒక్క మాట తుడిచివేసింది.

నాణెమైన నామం

వాడరేవుకు నైర్ఋతి దిశలో అదే తీరాన మోటుపల్లి ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ ఒక అభయశాసనం వేయించాడు. గాలివానకు కొట్టుకువచ్చి తీరం చేరిన నౌకల సరుకును పూర్వరాజులు స్వాధీనం చేసుకొనేవారు. ఆ ఆచారాన్ని మాన్పి, నియతమైన సుంకం తప్ప మరేదీ గ్రహింపబోమని సముద్రవ్యాపారులకు ఆయన మాట ఇచ్చాడు. ఆ శతాబ్ది చివర మార్కోపోలో 'ముత్ఫిలి' అని వర్ణించినది ఈ మోటుపల్లి రాజ్యాన్నే. ధనం కంటె ధర్మం గొప్పదని ఒక రాజు రేవులో రాతిమీద చెక్కించిన సందర్భమది.

తరువాతి శతాబ్దాలలో వ్యాపారపు తీరు మారింది. నేటి నిజాంపట్నానికి పాశ్చాత్యులు పెట్టిన పేరు పెటపోలి. డచ్చివారు 1606లో అక్కడ వర్తకస్థానం ఏర్పరచుకొన్నారు. 1611లో ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ వారి గ్లోబ్ అనే ఓడ అక్కడకు, అక్కడి నుండి మచిలీపట్నానికి చేరింది. ఈ నేల వస్త్రాలకు వారు లెక్క కట్టినది పగోడాలలో. తెలుగువారికి అది వరహా. విజయనగరరాజుల ముద్రలోని వరాహమూర్తిని బట్టి వచ్చిన పేరది. సుమారు 3.4 గ్రాముల బరువుగల ఆ చిన్న బంగారు బిళ్ల మీద దేవతామూర్తి ఉండేది. మద్రాసులో కంపెనీవారు ముద్రించిన వాటిలోనూ ఒకవైపు విష్ణుమూర్తి, మరొకవైపు నక్షత్రం గలవి, ఉభయదేవేరులతో కూడిన స్వామి గలవి ఉన్నాయి. వారి లెక్కలో 80 కాసులు ఒక పణం, 42 పణాలు ఒక పగోడా.

దేవుని రూపం నాణెం మీద ఉండటం మన రాజులకు దోషం కాలేదు. ధనం దైవాధీనమని ఆ ముద్ర గుర్తుచేసేది. వరాహమూర్తి భూమిని ఉద్ధరించినవాడు. భూమి పండించిన సిరి ఆయనదేనన్న భావం 'వరహా' అనే పేరులో ఉంది. 'పగోడా' అన్నప్పుడు ఆ స్మృతి లేదు. భారతదేశంలో త్వరితంగా ధనవంతుడైనవానిని గూర్చి ఆంగ్లేయులు 'పగోడా చెట్టును కుదిపాడు' అని చెప్పుకొనేవారు. చెట్టు కుదిపితే రాలేవి నాణేలు. ఆ చెట్టుకు నీరు పోసినవారెవరన్న ఆలోచన ఆ నానుడిలో కనిపించదు.

మూడర్థాలు ఒకచోట

గుంటూరు సర్కారు 1788లో నిజాము చేతి నుండి కంపెనీ వశమైంది. ఆ కాలపు జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు. ఆయన చరిత్రలో పగోడాశబ్దపు అర్థాలన్నీ కలుసుకొంటాయి. కంపెనీకి కప్పం కట్టవలసిన జమీందారు ఆయనే. శివక్షేత్రమైన అమరావతిని రాజధానిగా తీర్చి, మంగళగిరిలో లక్ష్మీనరసింహస్వామి ఆలయానికి 1807, 1809 సంవత్సరాల మధ్య 11 అంతస్తుల, 153 అడుగుల గాలిగోపురాన్ని కట్టించినదీ ఆయనే. అమరావతి పట్టణనిర్మాణానికి రాళ్ల కోసం ఆయన మనుషులు దీపాలదిన్నె అనే మట్టిదిబ్బను త్రవ్వగా చెక్కడపురాళ్లు బయల్పడ్డాయి. ఆ వార్త విని కల్నల్ కాలిన్ మెకంజీ అక్కడకు వచ్చాడు. 1816లో తిరిగి వచ్చి కొలతలు, చిత్రాలు వ్రాయించాడు. ఆ దిబ్బే మహాచైత్యం. దాని శిలాఫలకాలు నేడు చెన్నైలోనూ లండనులోనూ ఉన్నాయి.

ఇక్కడ ఒక కఠినసత్యాన్ని అంగీకరించక తప్పదు. లోపలి వస్తువును మరచి బయటి రూపాన్ని చూచినవారు విదేశీయులు మాత్రమే కాదు. భగవానుని మహాచైత్యం స్థానికులకే దీపాలదిన్నెగా మిగిలింది. దాని సున్నపురాతి పలకలు కట్టుబడి రాళ్లుగా వాడబడ్డాయి. గుడులు కట్టించిన భక్తుని కాలంలోనే మరొక ఆరాధనాస్థానం శిథిలమైంది. పేరు మరచినచోట వస్తువు కూడ నిలువదు. నావికుని అజ్ఞానం దూరం వల్ల కలిగింది. అమరావతిలోని విస్మృతి దగ్గరగా ఉండగానే కలిగింది.

షడ్గుణాలు

విష్ణుపురాణం భగశబ్దానికి అర్థం చెప్పింది. సమగ్రమైన ఐశ్వర్యం, వీర్యం, యశస్సు, శ్రీ, జ్ఞానం, వైరాగ్యం అనే ఆరింటి కూడిక భగం. అవి పరిపూర్ణంగా గలవాడు భగవంతుడు. పగోడాకు భగవచ్ఛబ్దమే మూలమైతే, ఆ పదం నాణెమైనప్పుడు ఆరింటిలో మిగిలినది సిరి ఒక్కటే. గుడిగోపురమైనప్పుడు మిగిలినది కీర్తి ఒక్కటే. జ్ఞానవైరాగ్యాలు ఏ అర్థంలోనూ ఓడ ఎక్కలేదు. 1818లో మద్రాసు ప్రాంతంలో రూపాయి ప్రమాణనాణెం కాగా, 100 పగోడాలకు 350 రూపాయల చొప్పున మారకం నిర్ణయించారు. నాణెంగా ఆ పేరు క్రమంగా అంతరించింది. దేవతామూర్తి అన్న అర్థమూ మరుగుపడింది. గోపురాకారం ఒక్కటే నిలిచి, అదీ తూర్పుదేశాల బౌద్ధాలయాలకు పరిమితమై, పరాయిపదం వలె తెలుగులోకి తిరిగి వచ్చింది.

దూరం నుండి శిఖరానికి నమస్కరించటం మన సంప్రదాయంలోనూ ఉంది. అయితే అది యాత్రకు ఆరంభమే గాని ముగింపు కాదు. మంగళగిరిలో గాలిగోపురం కిందుగా పోయి దిగువసన్నిధిని సేవించిన భక్తుడు కొండ ఎక్కుతాడు. అక్కడ పానకాలస్వామికి పూర్ణవిగ్రహం లేదు. రాతిలో తెరచిన నోరు మాత్రమే ఉంది. బెల్లపు పానకం పోస్తే స్వామి సగం స్వీకరించి తక్కిన సగాన్ని ప్రసాదంగా విడిచిపెడతాడని భక్తుల విశ్వాసం. 153 అడుగుల గోపురం కట్టించిన క్షేత్రంలోనే, ఏ ఎత్తుతోనూ కొలువరాని స్వామి ఉన్నాడు. ఆయనను చూడాలంటే దగ్గరకు పోయి, తల వంచవలసిందే.