అంతరిక్ష ప్లాస్మాలో ఆఘాత తరంగాలు

ఆఘాత తరంగం లేదా షాక్ తరంగం అనగా, ఒక యానకంలో అలలు ప్రయాణించగల వేగం కంటే ఎక్కువ వేగంతో వచ్చే ప్రవాహానికి అడ్డంకి ఎదురైనపుడు ఏర్పడే పలుచని పొర. దీనిని దాటగానే ప్రవాహవేగం తగ్గి, సాంద్రత, పీడనం, ఉష్ణోగ్రత హఠాత్తుగా పెరుగుతాయి.

ఏర్పడే విధానం

సౌర పవనం ప్రధానంగా ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లతో కూడిన ప్లాస్మా. భూమి సమీపంలో దీని వేగం సెకనుకు సుమారు 400 కి.మీ. ఈ ప్లాస్మాలో అలల వేగం అందులో కొద్ది వంతు మాత్రమే. అందువలన భూమి అయస్కాంత క్షేత్రం నుండి బయలుదేరిన అలలు ప్రవాహానికి ఎదురెక్కలేక ఒకచోట పేరుకొని, నిటారు గోడవలె మారతాయి. పడవ ముక్కు ముందు నీరు ఉబికినట్లు, భూమికి సూర్యుని వైపున సుమారు 90,000 కి.మీ. దూరంలో ఏర్పడే ఈ తరంగాన్ని బో షాక్ అంటారు. 1963లో ప్రయోగించిన ఐఎంపీ-1 ఉపగ్రహపు కొలతల ఆధారంగా నార్మన్ నెస్ బృందం 1964లో దీని ఉనికిని నిరూపించింది.

శక్తి వ్యయం

గాలిలో అణువులు పరస్పరం ఢీకొనడం వలన గతిశక్తి వేడిగా మారుతుంది. సౌర పవనంలో ఘన సెంటీమీటరుకు కొన్ని కణాలు మాత్రమే ఉండడం వలన అవి ఢీకొనడం బహు అరుదు. ఇక్కడ ఆ పనిని విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు ఈ విధంగా చేస్తాయి:

* బలమైన ఆఘాతాలలో కొన్ని అయాన్లు వెనుకకు పరావర్తనం చెంది, అయస్కాంత క్షేత్రంలో సుడి తిరిగి, అధిక శక్తితో మరల పొరను దాటుతాయి.
* ఈ అయాన్లు పుట్టించే ప్లాస్మా తరంగాలు మిగిలిన కణాలను చెదరగొట్టి వేడెక్కిస్తాయి.
* కొన్ని కణాలు పొరను అనేకసార్లు అటూఇటూ దాటుతూ అత్యధిక శక్తిని పొందుతాయి. సూపర్‌నోవా అవశేషాలలో ఈ విధంగానే విశ్వకిరణాలు పుడతాయని శాస్త్రజ్ఞులు భావిస్తారు.

2007లో వాయేజర్-2 సౌర పవనపు అంతిమ ఆఘాతాన్ని దాటినపుడు, ప్లాస్మా ఊహించినంతగా వేడెక్కలేదు. శక్తిలో అధికభాగం, నక్షత్రాంతర ప్రదేశం నుండి వచ్చి సౌర పవనంలో చేరిన అయాన్లకు పోయిందని తేలింది.

ఆదిత్య-ఎల్1

ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుండి 2023 సెప్టెంబరు 2న పీఎస్‌ఎల్‌వీ-సీ57 ద్వారా ప్రయోగించిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న ఎల్1 బిందువు చుట్టూ ఉన్న కక్ష్యలో చేరింది. ఇది భూమికి 15 లక్షల కి.మీ. దూరంలో, బో షాక్‌కు వెలుపల ఉంది. ఇందులోని ఆస్పెక్స్, పాపా పరికరాలు సౌర పవన కణాలను, మాగ్నెటోమీటరు అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తాయి.

సౌర విస్ఫోటాల ముందు వచ్చే ఆఘాత తరంగం మొదట ఇక్కడ తగులుతుంది. దాని వేగం సెకనుకు 750 కి.మీ. అయితే, భూమిని చేరడానికి సుమారు 33 నిమిషాలు పడుతుంది. ఉపగ్రహాలను, విద్యుత్ వ్యవస్థలను కాపాడుకోవడానికి చిక్కే వ్యవధి అంతే. 1989 మార్చిలో ఇటువంటి సౌర తుఫాను వలన కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో సుమారు 9 గంటలపాటు విద్యుత్ సరఫరా నిలిచిపోయింది.