చక్రానికి తొడుగు - దాని వెనుక ఒక అర్జీ

విమానం గాలిలోకి లేచాక చక్రాలతో పని ఉండదు. పెద్ద విమానాలు వాటిని పొట్టలోకి ముడుచుకుంటాయి. ఒకరిద్దరు కూర్చునే చిన్న విమానానికి ఆ ఏర్పాటు బరువు, ఖర్చు రెండూను. అందుకని చక్రాలను అలాగే ఉంచి, నీటిబొట్టు ఆకారంలో తొడుగు వేస్తారు. ఇంగ్లండులో దీన్ని స్పాట్ అంటారు. అమెరికావాళ్ళు వీల్ పాంట్ అంటారు, అంటే చక్రానికి లాగు అన్నమాట! పేరు నవ్వు తెప్పించినా అది చేసే పని చిన్నది కాదు.

1927 ప్రాంతంలో అమెరికాలోని లాంగ్లీ ప్రయోగశాలలో నిజమైన విమానాన్నే నిలబెట్టి గాలి వదిలే పెద్ద సొరంగం తయారైంది. అందులో స్పెర్రీ మెసెంజర్ అనే చిన్న విమానాన్ని పరీక్షిస్తే, దాని దేహానికి తగిలే గాలి నిరోధంలో 40 శాతం దాకా బయటికి వేలాడే చక్రాలు, వాటి కాళ్ళ వల్లేనని తేలింది. 1929లో కేంబ్రిడ్జి ఆచార్యుడు మెల్విల్ జోన్స్, విమానాన్ని నునుపైన ఆకారంలో కట్టకపోతే ఇంజను శక్తి ఎంత వృథా అవుతుందో లెక్క కట్టి చూపించాడు. 1930ల విమానాల చక్రాలకు లాగులు తొడగడం అప్పటి నుంచే జోరందుకుంది. ఆ రోజుల్లో అల్యూమినియం రేకును సుత్తితో కొట్టి వంచేవారు. తర్వాత ఫైబర్‌గ్లాస్ వచ్చింది.

సరే, ఈ తొడుగు పగిలితే మార్చేదెవరు? ఇంట్లో కట్టుకున్న విమానమైతే అమెరికాలో యజమానే మార్చుకోవచ్చు. ఈ హక్కు ఊరికే రాలేదు. 1926 చట్టం తర్వాత విమానాలకు లైసెన్సులు, తనిఖీలు వచ్చి, సొంతంగా కట్టుకునేవాళ్ళకు దారులు మూసుకుపోసాగాయి. పశ్చిమ తీరంలోని ఆరెగన్ రాష్ట్రంలో మాత్రం కొందరు పట్టు వదల్లేదు. వారిలో జార్జ్ బొగార్డస్ ఒకడు. 1947లో అతను 'లిటిల్ జీ బీ' అనే ఒంటి సీటు విమానంలో ఖండమంతా దాటి వాషింగ్టన్ చేరి, అధికారుల ఎదుట తమ వాదన వినిపించాడు. అర్జీ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం మనకూ తెలుసు. కానీ ఏ వస్తువు కోసం అర్జీయో ఆ వస్తువు మీదే ఎక్కి వెళ్ళడం ఎంత గట్టి సాక్ష్యం! తర్వాత కొన్నేళ్ళలోనే ఔత్సాహికులు కట్టిన విమానాలకు 'ఎక్స్‌పెరిమెంటల్' అనే ప్రత్యేక తరగతి ఏర్పడింది. 1953లో పాల్ పొబెరెజ్నీ మిల్వాకీలో ఇలాంటివారికి సంఘం పెట్టాడు. లిటిల్ జీ బీ ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియం సొత్తు.

అదే ఆరెగన్‌లో రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ 1971లో ఆర్‌వీ-3 అనే విమానాన్ని ఎగరేసి, తర్వాత కిట్లు అమ్మే కంపెనీ పెట్టాడు. ఆ వరుస విమానాలు పది వేలకు మించి ఎగిరాయి. వాటి తొడుగులు ఫైబర్‌గ్లాస్‌వే. రాయి తగిలినా, గుంటలో దిగినా పగులుతాయి. టైరు పంక్చరైతే మరీ ఘోరం, విమానం కిందికి వాలి తొడుగు అడుగు నేలకు గీసుకుని ముక్కలవుతుంది. చిన్న బీటైతే గ్లాసు గుడ్డ, రెజిన్‌తో అతుకు వేస్తారు. పెద్దదైతే కొత్తది తెప్పించాలి.

కొత్తది బిగించడంలోనే ఉంది అసలు నేర్పు. వర్క్‌షాపులో పనిచేసిన మన మిత్రులకు ఇది బాగా నచ్చుతుంది. విమానం నేల మీద ఉండగా బరువుకు దాని కాళ్ళు పక్కలకు చాపుకుంటాయి, గాలిలో ఉండగా దగ్గరికి వస్తాయి. కనుక ముందు విమానాన్ని ఎత్తి చక్రాలు వేలాడేట్టు నిలబెట్టి, ఎగిరేటప్పుడు ఉండే తీరుకు మట్టం చూస్తారు. దేహం మధ్య గీత నుంచి తాపీమేస్త్రీ వాడే తూకపు గుండులాంటిది వదిలి, నేల మీద సుద్దదారంతో గీత కొడతారు. టైరు మీద అంగుళం మందం ముక్క పెట్టి, దాని పైన తొడుగు ఆన్చి, ముక్కు నుంచి తోక దాకా ఆ గీతకు సమాంతరంగా వచ్చాకే రంధ్రాలు వేస్తారు. కాస్త వంకర పోయినా తొడుగు చుక్కానిలా పనిచేసి విమానాన్ని ఒక పక్కకు లాగుతుంది. పైలట్ దారంతా కాలితో పెడల్ తొక్కి పట్టాలి!

తర్వాత టైరు చుట్టూ సందు చూసి అంచులు కోయడం, సన్న రంధ్రాలు పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది రంగు వేయడం. చేసిన పనిని లాగ్‌బుక్‌లో తేదీతో రాసి సంతకం పెడతారు. మొదటి నాలుగైదు ప్రయాణాల్లో దిగిన ప్రతిసారీ స్క్రూల చుట్టూ నెర్రెలు వచ్చాయేమో చూస్తారు. గడ్డి మైదానాల నుంచి ఎగిరేవాళ్ళలో కొందరు వానలు మొదలవగానే తొడుగులు విప్పి షెడ్డులో పెట్టేస్తారు. లోపల బురద పేరుకుని చక్రం పట్టేయడం కంటే కొంత వేగం పోవడమే నయమని వారి లెక్క.