పదునెనిమిది దినముల కథ – దాని ముగింపు

దీర్ఘమైన కథ ఏదైనను ముగిసిన వెంటనే వినినవారిలో ఒక తర్కము పుట్టుట సహజము. “ఇంత కథ నడిపి, తుదకు ఇంత తొందరగా ముగింపవలెనా?” అని కొందరందురు. “చెప్పవలసినది చెప్పినాడు గదా, ఇంకేమి కావలెను?” అని మరికొందరందురు. ఏండ్ల తరబడి పత్రికలలో సాగిన ధారావాహికలకు ఈ మాట తప్పలేదు. 2019లో ముగిసిన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ అను పాశ్చాత్య టెలివిజన్ కథకును తప్పలేదు. దానిలో మొదటి ఆరు విడతలకు పదేసి భాగములుండగా కడపటి విడత ఆరు భాగములతోనే ముగిసినది. ప్రేక్షకులు చాలమంది నొచ్చుకొన్నారు. శాపములు, వరములు, దివ్యాస్త్రములు, రాక్షసులు, మాయాసభలు నిండిన పెద్దకథ మనకును ఒకటున్నది. అది భారతము. దాని ముగింపు తొందరపాటుతో జరిగినదా అను ప్రశ్నను ఇచ్చట పరిశీలింప దలచినాము.

ఈ పరిశీలనకు మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములకంటె తగిన చోటు లేదు. అచ్చట భారతము గ్రంథము మాత్రమే కాదు. ఎండకాలములో ఊరంతయు కూడి జరుపుకొను ఉత్సవము. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడుటకు ముందు మదనపల్లె కడప జిల్లాలోను, పుంగనూరు, కంగుంది జమీలు ఉత్తర ఆర్కాటు జిల్లాలోను ఉండెడివి. కుప్పము ఆ కంగుంది జమీలోనిది. పాలనకు సంబంధించిన హద్దులు అప్పుడును మారినవి, తరువాతను మారినవి. కాని ఒక సంగతి మారలేదు. ఒకవైపు కన్నడము, ఒకవైపు అరవము, నడుమ తెలుగు వినిపించు నేల అది. ఈ మూడు భాషలలోను భారతమున్నది. మూడింటి ముగింపులును ఒకటి కావు.

ముందు ఉత్సవమును చూతము. ఆ వైపు పల్లెలలో ద్రౌపదమ్మకును ధర్మరాజునకును గుడులు కలవు. ధ్వజారోహణము జరిపి, కంకణములు కట్టి, భారతమును ఆరంభింతురు. మధ్యాహ్నము హరికథగా కథ నడచును. ఆనాడు చెప్పిన ఘట్టమునే రాత్రి వీధినాటకముగా ఆడుదురు. బకాసురుని వధనాడు అన్నము నింపిన బండిపై భీముడు ఊరేగును. అర్జునుని తపస్సునాడు వేషధారి పాడుచు పొడవైన మాను నెక్కును. పైనుండి అతడు విసరిన ప్రసాదము కొరకు సంతానము కోరు స్త్రీలు క్రింద సాగిలపడి ఎదురుచూతురు. ద్రౌపది వస్త్రాపహరణము, కీచకవధ, ఉత్తర గోగ్రహణము, అభిమన్యుని చావు, కర్ణుని మోక్షము – ఇట్లు రాత్రులు గడచును. పదునెనిమిదవనాడు పగటి వెలుగులోనే దుర్యోధన వధ. వెల్లకిల పడుకొన్న దుర్యోధనుని మట్టిబొమ్మను, మనుష్యుని కెన్నో రెట్లు పెద్దదిగా, మైదానములో నిర్మింతురు. దాని చుట్టు భీమ దుర్యోధనులు గదలతో పరుగిడుదురు. తొడభాగమున దాచిన ఎఱ్ఱనీరు చింది నపుడు ద్రౌపది వేషధారి ముందుకు వచ్చి, ఇన్నాళ్ళు విరబోసికొన్న జుట్టును ముడుచుకొనును. ఆ సాయంకాలము భక్తులు అగ్నిగుండము త్రొక్కుదురు. పిదప ధర్మరాజు పట్టాభిషేకము. అంతటితో భారతము సమాప్తము.

గ్రంథము చదివినవారికి ఇచ్చట సందేహము కలుగవలెను. పదునెనిమిది పర్వములలో దుర్యోధనుడు కూలుట తొమ్మిదవదగు శల్యపర్వములో జరుగును. సంఖ్యనుబట్టి చూచిన సగము భారతము ఇంకను మిగిలియే యున్నది. పల్లెవారు దానిని తెలియక విడిచినారా?

అట్లు తలచుట పొరపాటు. పొరుగు భాషల సంగతి చూడుడు. అరవములో విల్లిపుత్తూరారు రచించిన భారతము పది పర్వములతో, సౌప్తికపర్వము కడ నిలిచినది. తమిళదేశపు ద్రౌపది గుడులలో పఠనమునకు ఆధారమైన గ్రంథము అదియే. కన్నడములో 15వ శతాబ్దివాడగు కుమారవ్యాసుడు పది పర్వములే వ్రాసి, గదాపర్వముతో ఆపినాడు; తరువాతి కథను కృష్ణదేవరాయల కాలమున తిమ్మణ్ణకవి పూరించినాడు. అంతకు చాల పూర్వము, 941 ప్రాంతమున, మన తెలంగాణములోని వేములవాడ చాళుక్యుడైన రెండవ అరికేసరి ఆశ్రయములో పంపకవి తన కన్నడ భారతమును అర్జునుని పట్టాభిషేకముతో ముగించినాడు. సంస్కృతములో భట్టనారాయణుని నాటకమునకు వేణీసంహారమను పేరే ద్రౌపది జడముడిని బట్టి వచ్చినది. కనుక యుద్ధము ముగియుటతో కథ ముగించుట ఒక పురాతన సంప్రదాయము. కుప్పము వీధిలో ఆడు భారతము ఆ సంప్రదాయమునకు చెందినది.

తెలుగు గ్రంథము దారి వేరు. తిక్కన సోమయాజి 13వ శతాబ్దిలో విరాటపర్వముతో మొదలుపెట్టి స్వర్గారోహణము వరకు పదునైదు పర్వములును విడువక నడిపినాడు. తొందర అను ఆరోపణను పరీక్షించుటకు ఆయన లెక్కయే మనకు ఉపకరించును. భీష్ముడు సేనాపతిగా ఉన్నది పది దినములు. ఆ పర్వమునకు మూడాశ్వాసములు. ద్రోణుడు ఐదు దినములు, ఐదాశ్వాసములు. కర్ణుడు రెండు దినములు; మూడాశ్వాసములు. శల్యుని పూటయు, గదాయుద్ధమును కలిసి ఒక్క దినము, రెండాశ్వాసములు. దినములు తగ్గినకొలది దినమొక్కింటికి దక్కిన చోటు పెరిగినది. యుద్ధపు తుదిని ఎవ్వరును తొందరపాటు అనజాలరు.

యుద్ధానంతరము కథ నిలిచిపోవును. శాంతిపర్వము ఆరాశ్వాసములు, ఆనుశాసనికము ఐదు. అంపశయ్యపై నున్న భీష్ముడు చెప్పుచుండును, ధర్మరాజు వినుచుండును. అశ్వమేధమునకు నాలుగు, ఆశ్రమవాసమునకు రెండు. ఆ పైని మౌసలము ఒకటి, మహాప్రస్థానికము ఒకటి, స్వర్గారోహణము ఒకటి. మూలములోను ఇంతే. పూణేలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1966లో పూర్తిచేసిన సంశోధిత ప్రతిలో శాంతిపర్వమునకు 353 అధ్యాయములు, మహాప్రస్థానికమునకు మూడే. యాదవకులము ముసలముతో నశించుట, శ్రీకృష్ణుని నిర్యాణము, ద్వారక మునుగుట, దారిలో దొంగలు పైబడగా అర్జునుని గాండీవము పని చేయకపోవుట – ఇన్ని మహాసంఘటనలు ఒక్క చిన్న పర్వములో ఇమిడినవి. తరువాత హిమాలయపు దారిలో ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా కూలుదురు. కూలినవారిని గూర్చి భీముడు అడుగును. ధర్మరాజు కారణము చెప్పి, వెనుదిరిగి చూడక నడచును. ఎవరి పుట్టుకకు, పెండ్లికి, అస్త్రలాభమునకు ఎన్నెన్నో అధ్యాయములు పట్టినవో, వారి చావునకు కొన్ని శ్లోకములే చాలినవి.

దీనిని తొందర అనవచ్చునా? కవి అలసినాడని మాత్రము మాకు తోచదు. అలసినవాడైనచో రాజధర్మములను పదునొకండు ఆశ్వాసములలో అంత ఓపికతో చెప్పి యుండడు. వెనుదిరుగని ధర్మరాజుతోపాటు కథయు వెనుదిరుగక నడచినది. అస్త్రములు నిష్ఫలములైన తరువాత వీరులకు మిగిలిన కాలము వేగముగానే పోవును. ఈ వేగము ఉద్దేశింపబడినదే.

అయినను ఒకచోట వినువాని ఫిర్యాదులో న్యాయమున్నది. యుద్ధము తరువాత ధృతరాష్ట్రుడు పాండవుల కడ పదునైదేండ్లున్నాడు. అడవిలో మరి మూడేండ్లుండి దావాగ్నిలో మరణించినాడు. యాదవుల నాశనము జరిగినది ముప్పదియాఱవ ఏట. అనగా నడుమ పదునెనిమిదేండ్లు ధర్మరాజు రాజ్యము చేసినాడు. ఆ రాజ్యము కొరకే గదా అంత రక్తము ప్రవహించినది! ఆ ఏండ్లలో పంటలెట్లు పండినవో, విధవలైన స్త్రీలెట్లు బ్రదికిరో కథ చెప్పదు. పదునెనిమిది దినముల యుద్ధమునకు తిక్కన పదుమూడు ఆశ్వాసములు వెచ్చింపగా, పదునెనిమిదేండ్ల శాంతికి మిగిలినది మౌనము. కొరత యున్నచో అది ఇచ్చట నున్నది. పల్లె ఉత్సవము ఈ కొరతనే తన పద్ధతిలో తీర్చుకొన్నదని మేము తలతుము. గుండము చల్లారిన పిదప ధర్మరాజునకు పట్టముకట్టి, ఊరికి వానలు, పంటలు కలుగవలెనని మ్రొక్కి వారు ముగింతురు. గ్రంథము విడిచిన శాంతిని ఊరు కోరుకొని తెచ్చుకొనును.

ఇట్టి వివాదము మనకే పరిమితము కాదు. గ్రీకుల ఒడిస్సీ కావ్యములో దీర్ఘప్రవాసము చేసిన ఒడిస్యూస్ ఇల్లు చేరి భార్యను కలిసికొనుట 23వ సర్గలో జరుగును. క్రీస్తుకు పూర్వము అలెగ్జాండ్రియా నగరములోని అరిస్టోఫనీస్, అరిస్టార్కస్ అను పండితులు అదియే కావ్యమునకు తుది అని అన్నారు. తరువాతిదంతయు అదనమా, అవసరమా అని నేటికిని పండితులు వాదింతురు. ప్రతిజ్ఞ తీరిన చోట కథ ముగియునా, మనుష్యుల బ్రదుకు తీరిన చోట ముగియునా అను ప్రశ్నయే అచ్చటను ఉన్నది.

మరి ముగింపు తొందరగా తోచుటకు అసలు కారణమేమి? తెలుగు భారతపు చరిత్రయే దీనికి సమాధానము చెప్పుచున్నది. 11వ శతాబ్దిలో రాజరాజ నరేంద్రుని ఆస్థానమున నన్నయభట్టు మొదలుపెట్టిన రచన అరణ్యపర్వము నడుమ ఆగినది. తిక్కన ఆ శేషమును ముట్టక విరాటపర్వము నుండి తుదివరకు పూర్తిచేసినాడు. 14వ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి ఆశ్రయమున నున్న ఎఱ్ఱాప్రగడ అరణ్యశేషమును పూరించినాడు. అనగా తెలుగువారికి భారతపు ముగింపు ముందు లభించినది. నడిమి కథ ఆ తరువాతి శతాబ్దిలో నిండినది. ముగింపు చేతిలో ఉన్నది గదా అని మనవారు తృప్తిపడలేదు. నడుమ ఖాళీ ఉండగా తుదికి పూర్ణత్వము రాదని వారికి తెలియును.

గడియారము చూచి పని చేయు మాబోటివారికి బాగుగా తెలిసిన సంగతి ఒకటున్నది. వ్యవధి తగ్గినపుడు ఎవరును కథ మొదటిని గాని తుదిని గాని కోయరు; నడుమనే కోయుదురు. అన్ని ఊళ్ళలోను భారతము పదునెనిమిది దినములు జరుగదు. పది, పండ్రెండు దినములతో ముగించు ఊళ్ళును కలవు. హరికథకులకు, నాటక బృందమునకు, పందిళ్ళకు, దీపములకు అగు ఖర్చు ఊరివారు చందాలతో కూర్చుకొనవలెను. కూలికి, ఉద్యోగమునకు బెంగుళూరు పోయినవారు అన్ని దినములు నిలువలేరు. కాబట్టి దినములు తగ్గించినవారిని నిందించుటకు మేము సిద్ధముగా లేము. కాని తగ్గించునపుడు దేనిని విడుచుచున్నామో ఎరుగుట మంచిది. దుర్యోధనుని మట్టిబొమ్మను ఎవరును విడువరు. చూచుటకు జనము వత్తురు. విడువబడునవి విరాటుని కొలువు, కృష్ణుని రాయబారము వంటి రాత్రులు. ద్రౌపది జుట్టు విరబోసికొని ఎన్ని రాత్రులు మన యెదుట నిలిచినదో, ముడివేయునపుడు మన మనస్సు అంతగా కదలును. ఆ రాత్రులు లేనిచో ముడి ఒక వేడుకగా మిగులును. అప్పుడు చూచినవాడు “ముగింపు తొందరగా జరిగినది” అనును. అతని మాట నిజమే. అయితే తొందర జరిగినది పదునెనిమిదవనాడు కాదు, అంతకు ముందు.

అందుచేత మా నిర్ణయమిది. భారతము ముగింపు వేగముగా నడచును గాని తొందరపడదు. పదునెనిమిదేండ్ల శాంతిని గూర్చిన మౌనమొక్కటే దాని కొరత. మదనపల్లె మొదలు కుప్పము వరకు గల పల్లెలు ఆ కొరతను గుర్తించి తమ ముగింపును తామే కల్పించుకొన్నవి. ఈ ఎండకాలములో ఆ వైపు పోవువారు పదునెనిమిదవనాటి బొమ్మను మాత్రమే చూచి మరలక, నడిమి రాత్రులలో ఒక్కటైన కూర్చుండి వినవలెనని కోరుచున్నాము. జనము పలుచగా ఉన్న ఆ రాత్రులలోనే కథ తన బరువును కూడబెట్టుకొనును.